లండన్ మెట్రోలో చెక్క ఎస్కలేటర్లు ఎందుకు పోయాయి

1987 నవంబరు 18, సాయంత్రం ఏడున్నర. లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో పికడిల్లీ లైన్ ఎస్కలేటర్ కింద మంట కనిపించింది. పెద్ద అట్టపెట్టె తగలబడుతున్నంత, అంతే. 7:45కల్లా పైనున్న టికెట్ హాలంతా ఒక్కసారిగా భగ్గుమంది. 31 మంది చనిపోయారు.

ఆ ఎస్కలేటర్ మెట్లూ పక్కపలకలూ చెక్కవే. మెట్టుకీ పలకకీ మధ్య సన్నటి సందు. భూగర్భ స్టేషన్లలో సిగరెట్ తాగకూడదని 1985లోనే నిషేధం వచ్చింది, అదీ అంతకుముందు ఏడాది ఆక్స్‌ఫర్డ్ సర్కస్ స్టేషన్ కాలాక. అయినా పైకి వెళ్తూ ఎస్కలేటర్ మీదే ముట్టించే అలవాటు జనానికి పోలేదు. అలా వెలిగించిన అగ్గిపుల్ల ఒకటి సందులోంచి జారి కింద చక్రాలు నడిచే పట్టాల మీద పడింది. అక్కడ గ్రీజు, దానికి అంటుకున్న వెంట్రుకలు, బట్టల పీచు, కాగితం ముక్కలు ఏళ్ల తరబడి మడ్డిలా పేరుకున్నాయి. ఉత్త గ్రీజు అగ్గిపుల్లకు ఓ పట్టాన అంటుకోదు. పీచు కలిస్తే మాత్రం నూనెలో వత్తి వేసినట్టే. అవే పట్టాల మీద పాత కాలిన మచ్చలు కూడా దర్యాప్తులో బయటపడ్డాయి. అంతకుముందూ అంటుకున్నాయి, వాటంతటవే ఆరిపోయాయి. ఇలాంటివాటిని అధికారులు మంటలనేవారు కాదు, 'స్మోల్డరింగ్' (మంట లేకుండా రాజుకోవడం) అనేవారు. ఆ పేరుతోనే సగం భయం పోయింది.

మామూలుగా మంట నిటారుగా లేస్తుంది. ఇక్కడ 30 డిగ్రీల వాలు, రెండు పక్కలా పలకలు. దాంతో మంట మెట్ల మీదికి వాలిపోయి, కాలువలో పారినట్టు ఎగువకి పాకింది. ముందున్న చెక్క వేడెక్కి ఆవిర్లు వదిలింది, అవీ అంటుకున్నాయి. బ్రిటన్‌లోని హార్వెల్ పరిశోధనా కేంద్రం వాళ్ల కంప్యూటర్ లెక్కల్లో ఇది తేలినప్పుడు చాలామందికి నమ్మకం కుదరలేదు. మూడోవంతు సైజులో ఎస్కలేటర్ కట్టి తగలబెట్టి చూస్తే అచ్చం అలాగే జరిగింది. దీన్నే ఇప్పుడు 'ట్రెంచ్ ఎఫెక్ట్' అంటున్నారు.

మెట్ల కింద నీటి తుంపర చల్లే ఏర్పాటు ఉంది. సిబ్బందికి తర్ఫీదు లేదు, దాన్ని ఎవరూ తిప్పలేదు.

ఈ ప్రమాదంపై దర్యాప్తు జరిపిన డెస్మండ్ ఫెన్నెల్ నివేదిక 1988లో 157 సిఫార్సులు చేసింది. 1989లో కొత్త నిబంధనలొచ్చాయి. భూగర్భ స్టేషన్లలో చెక్క ఎస్కలేటర్లను వరసగా తీసేశారు. పశ్చిమ లండన్‌లోని గ్రీన్‌ఫోర్డ్ స్టేషన్‌లో మాత్రం ఒకటి మిగిలింది. అది వీధిలోంచి పైనున్న ప్లాట్‌ఫారానికి ఎక్కించేది, భూగర్భం కిందకి రాదు. 2014 మార్చిలో దాన్నీ ఆపేశారు.