ఎఫెడ్రాను ఆపడానికి అమెరికాకు పదేళ్లు ఎందుకు పట్టింది?

2003 ఫిబ్రవరి 16. ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో బాల్టిమోర్ ఓరియోల్స్ బేస్‌బాల్ జట్టు ప్రాక్టీసులో ఉంది. 23 ఏళ్ల పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) స్టీవ్ బెక్లర్ పరుగు తీస్తూ కుప్పకూలాడు. ఒంటి వేడి 108 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరింది. మర్నాడు ప్రాణం పోయింది. వడదెబ్బ అన్నారు. అతని లాకర్లో మాత్రం బరువు తగ్గించే బిళ్లల సీసా ఒకటి దొరికింది. అందులో ఉన్నది ఎఫెడ్రా. లావు, బీపీ, సరిగ్గా తినకపోవడంతో పాటు ఈ మూలిక కూడా అతని చావుకు తోడైందని శవపరీక్ష చేసిన డాక్టర్ తేల్చాడు.

ఆ ఏడాది చివర్లోనే ఎఫెడ్రా సప్లిమెంట్లను (మందుగా కాక, ఆహారానికి తోడుగా అమ్మే బిళ్లలను) నిషేధిస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. ఆటగాడు పోయాక హడావుడిగా కదిలారనిపిస్తుంది గానీ, అప్పటికే చాలా ఆలస్యమైంది.

మొక్క కొత్తదేం కాదు. చైనాలో దీన్ని మా హువాంగ్ అంటారు. జలుబుకు, ఆయాసానికి అక్కడి వైద్యులు ఎన్నో శతాబ్దాలుగా వాడుతున్నారు. దీని చుట్టం ఒకటి మన హిమాలయాల్లోనూ పెరుగుతుంది. వేదాల్లోని సోమం ఇదేనని వాదించేవాళ్లూ ఉన్నారు. 1885లో జపాన్ శాస్త్రవేత్త నాగాయ్ నాగయోషి ఇందులోంచి ఎఫెడ్రిన్‌ను వేరుచేశాడు. తర్వాత అది ఉబ్బసానికి మందైంది. ఊపిరి గొట్టాలను వదులు చేస్తుంది, కానీ గుండెను దడదడలాడిస్తుంది, బీపీ పెంచుతుంది, ఆకలి చంపేస్తుంది. వ్యాపారులకు కావాల్సింది ఆ చివరి గుణమే. బాగా అమ్ముడైన మెటబొలైఫ్ 356 బిళ్ల ఒక్కోదానిలో 12 మిల్లీగ్రాముల ఎఫెడ్రిన్, దానికి తోడు 40 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండేవి. వైద్యుడు నాడి చూసి ఇచ్చే కషాయం ఎక్కడ, పెట్రోలు బంకులో కొనుక్కుని మింగే ఈ బిళ్ల ఎక్కడ!

1990ల మొదట్లో ఇలాంటి సరుకుపై పట్టు బిగించాలని మందులు, ఆహారంపై నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చూసింది. కంపెనీలు ఊరుకోలేదు. అప్పటి టీవీ ప్రకటన ఒకటి గుర్తుచేసుకోవాలి. సినిమా నటుడు మెల్ గిబ్సన్ ఇంట్లోకి తుపాకులతో ప్రభుత్వ బలగాలు చొరబడతాయి. దేనికయ్యా అంటే, అతని దగ్గరున్న విటమిన్ సీ మాత్రల కోసం! నవ్వొచ్చే ప్రకటనే, కానీ జనానికి ఎక్కింది. చట్టసభ సభ్యులకు ఉత్తరాలు వెల్లువెత్తాయి. సప్లిమెంట్ కంపెనీలకు పుట్టిల్లులాంటి యూటా రాష్ట్రం నుంచి వచ్చిన సెనేటర్ ఆరిన్ హాచ్ ముందుండి నడపగా 1994లో కొత్త చట్టం వచ్చింది. మందైతే, అది సురక్షితమని కంపెనీయే ముందు నిరూపించాలి. సప్లిమెంటైతే నేరుగా అమ్ముకోవచ్చు. ప్రమాదమని నిరూపించే భారం ఎఫ్‌డీఏదే. అసలు తిరకాసంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

1997లో ఎఫ్‌డీఏ మోతాదుకు పరిమితి పెట్టబోయింది. చూపించిన ఆధారాలు చాలవని ప్రభుత్వ ఆడిట్ సంస్థే తప్పుపట్టడంతో 2000లో వెనక్కి తగ్గింది. ఆధారాలు ఎక్కడినుంచి వస్తాయి? తమకు అందిన ఫిర్యాదులను కంపెనీలు ప్రభుత్వానికి పంపాలన్న రూలే లేదు. తమ బిళ్లలతో ఎవరికీ ఏమీ కాలేదని మెటబొలైఫ్ ఎఫ్‌డీఏకు చెప్పింది. 2002లో ఒత్తిడి పెరిగాక అదే కంపెనీ తన దగ్గరున్న ఫిర్యాదుల కాగితాలు అప్పగించింది. 13,000కు పైగా! గుండెపోట్లు, పక్షవాతాలు, ఫిట్స్ వాటిలో ఉన్నాయి. ఎఫ్‌డీఏకు అబద్ధం చెప్పానని కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన మైఖేల్ ఎల్లిస్ తర్వాత ఒప్పుకున్నాడు. 6 నెలల జైలు పడింది.

బెక్లర్ పోయిన నెలలోనే ర్యాండ్ అనే పరిశోధన సంస్థ అధ్యయనం బయటికొచ్చింది. ఎఫెడ్రాతో తగ్గే బరువు నెలకు కిలో లోపే. గుండెదడ, మానసిక సమస్యల వంటి ఇబ్బందులు మాత్రం రెండు మూడు రెట్లు ఎక్కువ. మేలో ఇల్లినాయ్ తన రాష్ట్రంలో అమ్మకాలు ఆపేసింది. దేశమంతటా నిషేధం 2004 ఏప్రిల్ 12న అమల్లోకి వచ్చింది. 1994 చట్టం కింద ఒక సప్లిమెంట్‌ను నిషేధించడం అదే మొదటిసారి.

వెంటనే ఒక యూటా కంపెనీ కోర్టుకెక్కింది. తక్కువ మోతాదు ప్రమాదమని ప్రభుత్వం నిరూపించలేదంటూ 2005లో అక్కడి జడ్జి కంపెనీ వైపు మొగ్గారు. 2006లో పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. తీవ్రమైన ఫిర్యాదులను కంపెనీలు ఎఫ్‌డీఏకు తప్పనిసరిగా పంపాలన్న చట్టం కూడా ఆ ఏడాదే వచ్చింది.

ఈలోగా షాపుల్లో ‘ఎఫెడ్రా లేదు’ అని పెద్దక్షరాలతో రాసిన కొత్త సీసాలు వెలిశాయి. చాలావాటిలో ఎఫెడ్రా బదులు వేసింది చేదు నారింజ సారం. అందులోని సైనెఫ్రిన్ ఎఫెడ్రిన్‌కు దగ్గరి బంధువే.