పోపుగారు పెళ్లి చేయమన్నారా? ఒక ఉపదేశి రాస్తున్న అపోహలు - వాస్తవాలు

మా విచారణలో (పారిష్ అంటే మీకు తెలుస్తుంది) చాలా ఏళ్లుగా ఉపదేశిగా ఉన్నాను. పిల్లలకు సత్యోపదేశం చెప్తాను, పెళ్లి కుదిరిన జంటలకు క్లాసులు తీసుకుంటాను. 2023 క్రిస్మస్‌కి పశువులపాక కడుతుంటే ఒక పెద్దాయన వాట్సాప్ చూపిస్తూ వచ్చి, "ఏమయ్యా, మగాళ్లకూ మగాళ్లకూ పెళ్లి చేయమన్నారంట గదా పోపుగారు, ఇక నువ్వు పిల్లలకేం చెప్తావు?" అన్నారు. అదే ప్రశ్న ఇప్పటికీ రకరకాలుగా వస్తూనే ఉంది కాబట్టి ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: స్వలింగ జంటల పెళ్లికి చర్చి ఒప్పుకుంది

ఒప్పుకోలేదు. 2023 డిసెంబరు 18న వాటికన్‌లోని విశ్వాస సిద్ధాంత విభాగం 'ఫిడూసియా సుప్లికాన్స్' అనే పత్రం విడుదల చేసింది. సంతకం కార్డినల్ ఫెర్నాండెజ్‌ది, ఆమోదం అప్పటి పోపు ఫ్రాన్సిస్ పాపుగారిది. పెళ్లి అంటే ఒక స్త్రీకీ ఒక పురుషుడికీ మధ్య జరిగేదన్న బోధ అందులో చెక్కు చెదరలేదు. కొత్తగా మాట్లాడింది స్వలింగ జంటలకు గురువులు ఇచ్చే ఆశీర్వాదం గురించి.

ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు వెళ్లినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. జనంలో ఫాదర్‌గారు కనిపిస్తే తల వంచుతాం, ఆయన చెయ్యి పెట్టి దీవిస్తారు, అంతేగానీ నువ్వు పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసి ఎన్నాళ్లయింది, నీ పెళ్లి గుళ్లో అయిందా రిజిస్టర్ ఆఫీసులో అయిందా అని వరసలో నిలబెట్టి అడగరు. ఆ పత్రం కూడా పుణ్యక్షేత్ర దర్శనం, తీర్థయాత్ర లాంటి సందర్భాలనే చెప్పింది. దీనికి పూజాపుస్తకంలో ప్రార్థన ఉండదు, సివిల్ పెళ్లి తంతుతో పాటు చేయకూడదు, పెళ్లిబట్టలూ పెళ్లిమాటలూ కుదరవు. గొడవ ముదిరాక 2024 జనవరి 4న ఇచ్చిన వివరణలోనైతే ఇదంతా 10, 15 సెకన్ల పని అని కూడా రాశారు. పెళ్లి లాంటి దివ్యసంస్కారం అలా 15 సెకన్లలో అయిపోదు కదా!

అపోహ: మాటతీరు మారిందంతే, మిగతాదంతా షో

దీన్ని పట్టుకున్నవాళ్లతోనే నాకు ఎక్కువ పేచీ. ఇదే విభాగం 2021 మార్చిలో ఇలాంటి జంటలను ఆశీర్వదించే అధికారం చర్చికి లేదని తేల్చేసింది. మూడేళ్లు తిరక్కుండానే, పెళ్లిలా కనిపించనంతవరకు దీవించవచ్చంది. 2023 అక్టోబరులో వాటికన్‌లో జరిగిన సినడ్‌లో (మేత్రాణుల, అంటే బిషప్పుల, సభలో) తొలిసారి స్త్రీలు ఓటు వేశారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, అపకీర్తికీ గందరగోళానికీ తావు లేకపోతే, మిగతావాళ్లలాగే జ్ఞానస్నానం పొందవచ్చని అదే ఏడాది నవంబరులో జవాబు వచ్చింది. ఇవి ఉత్త మాటలు కావు. అలాగని 'అంతా మారిపోయింది' అని సంబరపడ్డవాళ్లకు 2024 ఏప్రిల్‌లో వచ్చిన 'డిగ్నిటాస్ ఇన్ఫినిటా' అనే వాటికన్ పత్రం చేదుగా తగిలింది, అందులో జెండర్ సిద్ధాంతం మీదా లింగమార్పిడి మీదా గట్టి విమర్శే ఉంది.

అపోహ: యూరప్ సరేనంది, ఆఫ్రికా కాదంది

ఇంత తేలిగ్గా గీత గీయలేం. ఆఫ్రికా మేత్రాణుల తరఫున 2024 జనవరి 11న కిన్షాసా కార్డినల్ అంబోంగో రాసిన లేఖ తమ దగ్గర స్వలింగ జంటలకు ఆశీర్వాదం ఉండదంది, నిజమే. కానీ పాపుగారితో మాట్లాడుకున్నాకే ఆ లేఖ రాశారు, ధిక్కారం కాదది. ఉత్తర ఆఫ్రికా మేత్రాణులేమో గందరగోళం రానంతవరకు ఇవ్వవచ్చన్నారు. యూరప్‌లో పోలండ్, హంగరీ వెనక్కి లాగితే, బెల్జియంలో ఫ్లెమిష్ మేత్రాణులు 2022లోనే స్వలింగ జంటల కోసం ఒక ప్రార్థన తయారుచేసి పెట్టుకున్నారు. వాళ్ల లెక్కన రోమ్ ఇచ్చింది తక్కువే.

అపోహ: లియో పాపుగారు వచ్చి ఇదంతా కొట్టేశారు

కొట్టేయలేదు. 2025 మే 8న ఎన్నికైన 14వ లియో ఆ పత్రాన్ని రద్దు చేయలేదు, ఫ్రాన్సిస్ పాపుగారి 'అందరూ రండి' పిలుపును కొనసాగిస్తానన్నారు, దగ్గర్లో సిద్ధాంతం మారే అవకాశం లేదని కూడా అన్నారు.

అపోహ: విడాకులైతే దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) లేదు

నిజం చెప్పాలంటే మా ఊళ్లలో జనాన్ని బాధపెట్టేది ఇది, స్వలింగ జంటల చర్చ కాదు. మా దగ్గర ఒకావిడ విడాకులయ్యాక పిల్లలతో ఒంటరిగా ఉంటూ, ఏళ్ల తరబడి సత్ప్రసాదం వేళకు వెనక బెంచీలో కూర్చుండిపోయేది, ఎవరో చుట్టాలు 'నీకు అర్హత లేదు' అన్నారని! విడాకులొక్కటే అడ్డు కాదు, వెలివేత అసలే లేదు. చిక్కు వచ్చేది మొదటి పెళ్లి చెల్లదని చర్చి కోర్టు తీర్పు లేకుండా మళ్లీ పెళ్లి చేసుకున్నప్పుడు. వాళ్ల విషయంలో ఒక్కో జీవితాన్ని విడిగా చూసి నడిపించమని 2016లో ఫ్రాన్సిస్ పాపుగారి పత్రం 'అమోరిస్ లెతీషియా' చెప్తే, నలుగురు కార్డినళ్లు సందేహాలు రాసి బయటపెట్టారు, ఆ వాదన ఇంకా చల్లారలేదు.

దానికంటే పనికొచ్చే సంగతి ఇంకోటి ఉంది, ఎవరూ ఫార్వర్డ్ చేయరు. 2015లో ఫ్రాన్సిస్ పాపుగారు పెళ్లి చెల్లదని తేల్చే పద్ధతిని సులువు చేశారు. అంతకుముందు రెండు చర్చి కోర్టులు ఒకే తీర్పు చెప్పాల్సి వచ్చేది, ఇప్పుడు అప్పీలు లేకపోతే ఒక్కటి చాలు. కారణం స్పష్టంగా ఉండి ఇద్దరూ ఒప్పుకుంటే మేత్రాణులే పొట్టి పద్ధతిలో తేల్చవచ్చు. వీలైనంతవరకు డబ్బు తీసుకోవద్దని కూడా అందులోనే ఉంది. అలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లు జ్ఞానస్నాన పత్రం, గుడి పెళ్లి పత్రం, కోర్టు విడాకుల కాపీ పట్టుకుని ముందు విచారణ గురువు దగ్గరికి వెళ్లండి, మీ మేత్రాసన (డయాసిస్) ట్రిబ్యునల్‌కి, అంటే చర్చి కోర్టుకి, ఎలా రాయాలో ఆయన చెప్తారు.