బోరు లోతుకి దింపితే నీళ్లు పడతాయా?

బోరుబండి పొలంలో ఉండగా వచ్చే ఫోన్లే నాకు ఎక్కువ. "సార్, ఐదొందల అడుగులైంది, దుమ్మే లేస్తోంది, ఇంకో మూడొందలు దింపితే పడతాయంటున్నారు, దింపమంటారా?" భూగర్భజలాల పనిలో ఉన్నవాణ్ని కాబట్టి చెప్తున్నా. వద్దు, ఆపేయండి.

అడుగున ఎక్కడో గంగ పారుతోందన్న నమ్మకం కొంపలు ముంచుతోంది. అనంతపురం, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు కింద ఉన్నది చాలావరకు గ్రానైటు లాంటి గట్టి రాయి. నీళ్లుండేది పైన చివికిన పొరలో, దాని కింది పగుళ్లలో. ఆ పగుళ్లూ ఎక్కువగా మొదటి 300 అడుగుల లోపే, ఇంకా లోతుకి పోతే పలచబడిపోతాయి. ఎవరికో ఒకరికి 800 అడుగుల్లో పడితే ఊరంతా ఆయన పేరే చెప్తుంది, ఎండిన బోర్ల లెక్క ఎవరూ చెప్పరు. పైగా లోతు పెరిగేకొద్దీ అడుగు రేటూ పెరుగుతుంది, కాబట్టి "ఇంకొంచెం చూద్దాం" అంటున్నది ఎవరో కాస్త గమనించండి.

కదిరి దగ్గర ఒకాయన పొలంలో బండి కక్కిన రాతిపొడి చేతిలోకి తీసుకుని చూశాను. 350 అడుగుల నుంచి ఒకటే బూడిద రంగు, ఎక్కడా తుప్పు మరక లేదు. ఆ మరక ఉంటే పగులులో నీళ్లు తిరిగాయని గుర్తు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు, ఆయన ఆశ పడటంలో తప్పేముంది? అయినా ఆపించాను. బండి మేస్త్రీకి నామీద ఇంకా కోపమే.

"నా పొలంలో నీళ్లు నావి" అన్నది ఇంకోటి. అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అందులో ఇలాంటి రాతినేలలో లోపలికి ఇంకేది మహా అయితే పదో వంతు. అంటే ఎకరానికి రెండు లక్షల లీటర్ల పైచిలుకు. ఎకరం వరికి పెట్టేది 48 లక్షల లీటర్ల దాకా. మిగతా నీళ్లు ఎవరి పొలం కింద నుంచి వస్తున్నట్టు? ఇదే కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో నడిచిన ప్రాజెక్టులో రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచి, రబీకి ముందే ఊరి నీటి లెక్క వేసుకుని పంట తేల్చుకున్నారు. పెద్ద చదువులేం అక్కర్లేదు దానికి.

అరచేతిలో కొబ్బరికాయ నిలబడితే అక్కడ నీళ్లున్నట్టే అన్న నమ్మకం గురించి వాదించే ఓపిక నాకు లేదు. ఇక చట్టం సంగతి. నీళ్లు, నేల, చెట్ల కాపుదలకి పెట్టిన వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది, బోర్లు మొత్తం బంద్ అన్నది పుకారు, నీళ్లు అతిగా తోడేశారని ప్రకటించిన ఊళ్లలో తప్ప అనుమతి తీసుకుని వేసుకోవచ్చు.

సోలార్ పంపు పెడితే పర్యావరణానికి మేలే కదా అంటారు. కరెంటు వరకూ మేలే. కానీ బిల్లు లేని మోటారుని ఎండ ఉన్నంతసేపూ ఎవరు ఆపుతారు? అందుకే రైతులకి సోలార్ పంపుల కోసం 2019లో కేంద్రం తెచ్చిన కుసుమ్ పథకంలో గ్రిడ్‌కి, అంటే కరెంటు లైనుకి, కలిపే పంపులే నాకు నచ్చుతాయి. మిగిలిన కరెంటు డిస్కంకి (కరెంటు పంపిణీ సంస్థకి) అమ్ముకోవచ్చు, మోటారు ఆపినా రైతుకి రూపాయి వస్తుంది.