ట్రైలర్ వైరింగ్: మీటరులో 24 చూసి మోసపోకండి (అపోహలు - వాస్తవాలు)

చెన్నై మాధవరం చుట్టుపక్కల లారీ పనులు చేసేవాళ్లకు తెలుగు రాకపోతే గడవదు. ఎన్నూరు, కాటుపల్లి ఓడరేవులకు వచ్చే నెల్లూరు, గూడూరు, నాయుడుపేట బండ్లు ఏ సమస్య వచ్చినా ఇక్కడే ఆగుతాయి. ఆ యజమానులు ఫోనులో చెప్పే ఒక మాట విని విని విసుగెత్తిపోయింది: "మీటరు పెట్టి చూశారన్నా, 24 వోల్టులూ వస్తున్నాయి. వైరింగ్ బాగానే ఉందట, మాడ్యూలే పోయిందంటున్నారు."

మాడ్యూలు, అంటే బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కంట్రోలు పెట్టె, మార్చేస్తారు. వారం తిరక్కుండానే అదే హెచ్చరిక లైటు మళ్లీ వెలుగుతుంది. కంతులు కట్టుకుంటూ ఒకటో రెండో బండ్లు నడిపే మనిషికి అది చిన్న దెబ్బ కాదు. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: మీటరులో 24 వోల్టులు కనిపిస్తే ఆ వైరు మంచిదే.

వాస్తవం: బల్బు తీసేసి ఖాళీ హోల్డరులో మీటరు పెడితే, వైరులో ఒక్క రాగిపోగు మిగిలి ఉన్నా 24 చూపిస్తుంది. మామూలు డిజిటల్ మీటరు లోపలి నిరోధం దాదాపు కోటి ఓమ్‌లు. అది లాగే కరెంటు లేనట్టే లెక్క. దారిలో వెయ్యి ఓమ్‌ల తుప్పు ఉన్నా దానికి తెలియదు. ట్యాంకు నుంచి వచ్చే పైపు పూడుకుపోయినా, కుళాయి కట్టి ఉన్నంతసేపు ఒత్తిడి నిండుగానే ఉంటుంది. తిప్పితేనే కదా ధార ఎంత సన్నమో తెలిసేది.

లెక్క చూడండి. 21 వాట్ల బ్రేక్ లైట్లు రెండూ కలిసి దాదాపు 1.75 ఆంపియర్లు తీసుకుంటాయి. ఆ దారిలో ఎక్కడైనా 5 ఓమ్‌ల చెడ్డ జాయింటు ఉంటే లైట్లకు అందేది 17 వోల్టుల దరిదాపు. వెలుతురు సగానికంటే బాగా పడిపోతుంది. బల్బులు తీసి కొలిస్తే మాత్రం అదే జాయింటు అవతల 24కు 24 ఉంటాయి.

కాబట్టి లోడు పెట్టి, అంటే బల్బులు వెలుగుతూ కరెంటు పారుతుండగా కొలవాలి. బ్రేకు తొక్కి పట్టమని క్లీనరుకు చెప్పండి. మీటరు ఒక కొసను వెనక లైటు ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) టెర్మినల్‌కు, రెండోదాన్ని ముందు సాకెట్‌లోని ఎర్త్ పిన్నుకు పెట్టండి. ట్రైలర్ లైట్లకు వాడే ఐఎస్ఓ 1185 ప్లగ్గులో అది 1వ పిన్ను, తెల్ల వైరు. మీటరు సున్నాకు దగ్గరగా ఉండాలి. నా లెక్కలో అర వోల్టు దాటితే ఎక్కడో కరెంటును ఎవరో తినేస్తున్నట్టే. వెనక కొసను ఒక్కో జాయింటు దాటిస్తూ ముందుకు రండి. అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోతుందో, ఆ రెండు చోట్ల మధ్యే ఉంది దొంగ. ప్లస్ వైపు వైరుకూ ఇదే పద్ధతి. నలభై అడుగుల ట్రైలర్ మీద దీనికి పావుగంట చాలు.

"ఛాసిస్ అంతా ఇనుమే, ఎర్త్ ఎక్కడికి పోతుంది?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. తెల్ల వైరు తెగిన ట్రైలర్‌లో కూడా లైట్లు వెలుగుతాయి, నిజమే. కరెంటు ట్రైలర్‌ను ముందు బండికి తగిలించే కింగ్‌పిన్ను మీదుగా, దానికి పూసిన గ్రీజు మీదుగా ముందు బండికి చేరుకుంటుంది. షెడ్డులో నిలబెట్టినప్పుడు అన్నీ భేషుగ్గా ఉంటాయి, రోడ్డెక్కి ఊగితే మిణుకుమిణుకు. బ్రేకు తొక్కితే పార్కింగ్ లైట్లు వెలిగినా, ఇండికేటర్ వేస్తే పక్క లైటు కూడా కొట్టుకున్నా, బల్బులు మార్చకండి, ముందు ఎర్త్ చూడండి. ఎర్త్ దొరకని కరెంటు పక్క బల్బు ఫిలమెంటు గుండా దారి వెతుక్కుంటోంది.

అపోహ: కంప్యూటర్‌లో కోడ్ వచ్చిందంటే ఆ భాగం పోయినట్టే.

వాస్తవం: కోడ్ చెప్పేది ఏ సర్క్యూట్‌లో తేడా ఉందన్నదే. నాయుడుపేట యజమాని ఒకరికి రెండు ముందు బండ్లు, మూడు ట్రైలర్లు ఉన్నాయి. దొరికిన సరుకును బట్టి దేన్ని దేనికైనా తగిలిస్తారు. ఒక ట్రైలర్‌లో ఏబీఎస్ లైటు వెలిగింది, వోల్టేజీ తక్కువని కోడ్ వచ్చింది. ఒక వర్క్‌షాపులో మాడ్యూలు మార్చారు. కొన్నాళ్లకు రెండో ట్రైలర్‌కూ అదే రోగం. నా దగ్గరికి వచ్చేసరికి "ఈ మాడ్యూళ్లే నాసిరకం" అన్న పుకారు ఆయన తోటి యజమానులందరికీ పాకిపోయింది.

డ్రైవరు ఓ మూల నిలబడి ఉన్నాడు. పాడైనదాని ఖర్చు తన జీతంలో కోస్తారేమోనని భయం. ఎప్పుడు వెలుగుతుందని అడిగితే, "తిన్నగా పోతుంటే ఏమీ లేదన్నా, బండి గట్టిగా మలుపు తిరిగినప్పుడే" అన్నాడు. అంతకుముందు ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు.

మలుపులో సాగేది క్యాబిన్ వెనక ఉండే స్ప్రింగు కేబులే. ఏబీఎస్‌కు ఐఎస్ఓ 7638 ప్లగ్గు వేరేగా ఉంటుంది. అందులో వాల్వుల ప్లస్ 1వ పిన్ను, వాటి ఎర్త్ 4వ పిన్ను. ట్రైలర్ వైపు కొసను ఊడదీసి ఆ రెండింటి మధ్య 21 వాట్ల బల్బు వేసి, మీటరు తగిలించి, కేబుల్‌ను చేత్తో వంచాను. 24.6 ఉన్న అంకె 15కు జారింది. ప్లగ్గు మెడ దగ్గర రబ్బరు కోసి చూస్తే, ఎర్త్ వైరు పోగులు నల్లగా, పచ్చగా, ముట్టుకుంటే రాలిపోయేలా ఉన్నాయి. మిగిలిన నాలుగైదు పోగులే ఒకదానికొకటి ఆనుకుని బండిని నడిపించాయి. ప్లగ్గు పట్టుకోకుండా కేబుల్ పట్టుకుని లాగే అలవాటు వల్ల వచ్చిన తెగులు ఇది. కేబుల్ మార్చాం. మాడ్యూలు ధరతో పోలిస్తే దాని ఖర్చు ఏపాటిది!

అసలు నష్టం జరిగింది కాగితం మీద. పాత జాబ్ కార్డుల్లో ట్రైలర్ నంబరు ఉంది, ముందు బండి నంబరు లేదు. అది కూడా రాసి ఉంటే, రెండు ట్రైలర్లకూ ఒకే బండి తగిలించినప్పుడే లైటు వెలిగిందని కార్డులు చూసిన ఎవరికైనా తెలిసిపోయేది. "ఏబీఎస్ సరిచేశాం" అని రాస్తే, రేపు విజయవాడలో ఈ బండి చూసే ఎలక్ట్రీషియన్‌కు ఏం ఉపయోగం? ఫిర్యాదును డ్రైవరు మాటల్లోనే రాయండి. రెండు నంబర్లూ, బండిలో సరుకు ఉందా లేదా, వానా ఎండా అన్నవీ ఉండాలి. వేరే బండికి తగిలిస్తే తప్పు ట్రైలర్‌తో వెళ్లిందా, బండితోనే ఉండిపోయిందా అన్నది తప్పనిసరి. ఏ పిన్ను నుంచి ఏ పిన్నుకు కొలిచారో, ఏ లోడు మీద కొలిచారో, రిపేరుకు ముందెంతో తర్వాతెంతో రాయండి. చెడిన జాయింటును కోసి పారేయకముందే ఫోటో తీయండి. ఏమీ దొరక్కపోతే "తప్పు కనబడలేదు, ఇవి ఇవి కొలిచాం" అని రాయడంలో నామోషీ లేదు.

ఇక మిగతావి. వైరు మీది ప్లాస్టిక్‌ను సూదితో పొడిచి టెస్ట్ లాంప్ పెట్టడం చిన్న విషయం కాదు. సముద్రపు గాలి, కార్తీక మాసపు వానలు ఉన్న ఈ ఊళ్లో ఆ రంధ్రంలోంచి ఉప్పునీరు దిగి, రాగి లోలోపలే అడుగుల కొద్దీ పచ్చబడుతుంది. ఎల్ఈడీ లైట్లు వేస్తే వైరింగ్ సమస్యలు పోవు. తక్కువ కరెంటుతోనే వెలుగుతాయి కాబట్టి చెడ్డ జాయింటును కొంతకాలం దాచిపెడతాయంతే. ఎల్ఈడీ వేశాక ఇండికేటర్ గబగబా కొట్టుకుంటే అది తప్పు కాకపోవచ్చు, ఇండికేటర్‌ను కొట్టించే పాత ఫ్లాషర్, బల్బు పోయిందనుకుంటోంది. మాటిమాటికీ పోయే ఫ్యూజు స్థానంలో తీగ చుట్టేవాళ్లతో నాకు వాదించే ఓపిక లేదు. 24 వోల్టులు షాకు కొట్టకపోవచ్చు గాని హార్నెస్‌ను, అంటే వైర్ల కట్టను, తగలబెట్టగలవు.

ట్రైలర్ మీద వెల్డింగ్ పని పెట్టుకుంటే మాత్రం ముందు ప్లగ్గులన్నీ ఊడదీయండి, ఏబీఎస్ మాడ్యూలు కనెక్టరు కూడా. వెల్డింగ్ ఎర్త్ క్లాంపును అతికే చోటుకు జానెడు దూరంలోనే పెట్టించండి.