పెరిగిన అద్దె, పోయిన డిస్కు

2025 అక్టోబరు 1న మహర్నవమి. అనంతపురంలోని మా ఇంట్లో ఆయుధ పూజకు కత్తిపీట, బైకుతో పాటు కంప్యూటర్‌కు కూడా బొట్టు పెడతాం. ఆ సాయంత్రమే, నెలనెలా డబ్బు కడితే చాలా వీడియో గేమ్‌లు ఆడనిచ్చే మైక్రోసాఫ్ట్ సేవ ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ చందా పెరిగిందన్న కబురు వచ్చింది. అందులో అన్నిటికన్నా ఖరీదైన పాస్ అల్టిమేట్ నెలకు 829 రూపాయల నుంచి 1,389కి చేరింది. కంప్యూటర్ మీద మాత్రమే ఆడుకునే వారి పాస్ 449 నుంచి 939కి, అంటే రెట్టింపు దాటింది. గేమ్‌లు ఆడేవారు ఎక్కడ కలిసినా అప్పుడు ఇదే గొడవ. మైక్రోసాఫ్ట్ నట్టేట ముంచిందని కొందరన్నారు. ఏడాదికి 75కు పైగా గేమ్‌లు విడుదల రోజే ఇస్తుంటే ఆ మాత్రం కట్టలేమా అని మరికొందరు.

మొదటి నుంచీ చరిత్ర చెప్పడం నా ఉద్దేశం కాదు. టీవీకి తగిలించిన క్యాట్రిడ్జ్ పెట్టెలు, ఇంటర్నెట్ సెంటర్లలో గంట లెక్కన ఆడిన కౌంటర్ స్ట్రైక్ గురించి నలభైకి చేరువైన వారికి ఒకరు చెప్పనక్కర్లేదు. మిగిలిన వారికి ఈ గొడవలో వాటితో పనిలేదు. పని ఉన్నది 2013 జూన్‌తో.

ఆ నెల మొదట్లో మైక్రోసాఫ్ట్ తన రాబోయే గేమ్ యంత్రం ఎక్స్‌బాక్స్ వన్ నిబంధనలు బయటపెట్టింది. యంత్రం 24 గంటలకు ఒకసారి ఇంటర్నెట్‌లో హాజరు వేయించుకోవాలి. దుకాణంలో డిస్కు కొన్నా గేమ్ మన ఖాతాకు అతుక్కుపోతుంది. పాతది అమ్ముకోవాలంటే ప్రచురణ సంస్థ ఒప్పుకోవాలి. స్నేహితుడికి ఇవ్వాలంటే అతను కనీసం 30 రోజులుగా మన జాబితాలో ఉండాలి, అదీ ఒక్కసారే. జూన్ 10న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన గేమ్ కంపెనీల వార్షిక సభ ఈ3లో, తమ గేమ్ యంత్రం ప్లేస్టేషన్ 4 (పీఎస్ 4)లో పాత డిస్కులకు ఏ అడ్డూ ఉండదని సోనీ చెప్పగానే హాలంతా చప్పట్లతో మోగిపోయింది. గేమ్‌ను స్నేహితుడితో ఎలా పంచుకోవాలో చూపే వీడియో ఒకటి కూడా వదిలారు. ఒకాయన డిస్కు చేతికి ఇస్తాడు, ఇంకొకాయన తీసుకుంటాడు. అంతే వీడియో. జూన్ 19న మైక్రోసాఫ్ట్ తోక ముడిచి ఆ నిబంధనలన్నీ వెనక్కి తీసుకుంది.

ఆ రోజు గెలిచామని సంబరపడిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు లెక్క చూసుకుంటే ఓటమి మొదలైంది అక్కడే. చేతిలోని డిస్కు లాక్కుంటే జనం అరుస్తారని కంపెనీలకు ఆ పది రోజుల్లో తెలిసింది. వాళ్లంతట వాళ్లే కింద పెట్టేలా చేస్తే ఎవరూ అరవరని ఆ తర్వాత తెలిసింది.

మా ఊళ్లో డిస్కు విలువ ఏమిటో చెప్పకపోతే ఈ మాట అర్థం కాదు. పీఎస్ 2 రోజుల్లో మేం ఆడినవి దాదాపు అన్నీ దొంగ కాపీలు. బెంగళూరు బస్సెక్కి, మెజెస్టిక్‌లో దిగి, నేషనల్ మార్కెట్‌లో బేరమాడి సంచి నింపుకుని వచ్చేవాళ్లం. 2009లో హైదరాబాద్‌కు చెందిన ఆరోనా టెక్నాలజీస్ తయారుచేసిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ 499 రూపాయలకే వస్తే, దానికీ కాపీ దొరుకుతుందా అని అడిగిన ఘనుడిని నేను. కాబట్టి పైరసీ వల్ల నష్టపోయామని కంపెనీలు అంటే కాదనే ముఖం నాకు లేదు.

పీఎస్ 3లో మాత్రం చాలాకాలం కాపీలు నడవలేదు. అప్పుడు నేర్చుకున్నాం అసలు డిస్కు కొనడం. నలుగురం కలిసి 2,499 రూపాయలు పోగుచేసి ఒకటి కొనేవాళ్లం. హెచ్చెల్సీ కాలువ నీళ్లకు రైతులు వంతులు వేసుకున్నట్టు వారానికి ఒకరి వంతు. నలుగురి వంతూ అయ్యాక కడపలో తెలిసిన ఒకాయనకు 1,500కు అమ్మేవాళ్లం. ఆయన ఆడుకుని, గీతలు పడకుండా తుడిచి, కర్నూలులో ఇంకొకరికి అమ్మేవాడు. చివరికి మా నలుగురికీ తలా 250 రూపాయలు పడేది. పెట్టె మీద అచ్చువేసిన అంకె మాకు పెట్టుబడి. ధర అంటే ఆ 250.

కంపెనీల వాదన అందరూ వింటున్నదే. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో కొత్త గేమ్ ధర 60 డాలర్లుగా స్థిరపడింది, 15 ఏళ్లు కదలలేదు, 2020లో 70 అయింది. ద్రవ్యోల్బణం కలిపి చూస్తే నిజానికి గేమ్ చవకైందట. కూడికలో తప్పు లేదు. కానీ ఎద్దును కొన్న ధర పక్కన, దున్నకానికి బాడుగకు తెచ్చుకున్న ధర పెట్టి చవక, ప్రియం అని తేల్చడమేమిటి? ఆ 60 డాలర్ల వస్తువును మళ్లీ అమ్ముకోగలిగేవాళ్లం.

కంప్యూటర్ మీద, తిరిగి అమ్ముకునే వీలు పోయే ఈ మార్పు ఇంకా ముందే వచ్చింది. 2004లో హాఫ్‌లైఫ్ 2 పెట్టెలో డిస్కు ఉండేది, కానీ ఇంటర్నెట్‌లో గేమ్‌లు అమ్మే స్టీమ్‌లోని మన ఖాతాకు తగిలిస్తేనే నడిచేది. మరొకరికి ఇస్తే ఆ డిస్కు టీ గ్లాసు కిందికి తప్ప ఎందుకూ పనికిరాదు. 2015 నవంబరులో స్టీమ్ రూపాయల్లో ధరలు పెట్టాక మాకు అదేమీ బాధనిపించలేదు. పండుగ తగ్గింపుల్లో ఎడాపెడా కొన్నాం. నేను కొన్నవాటిలో సగం ఇప్పటికీ తెరవలేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. యాభై జీబీల గేమ్ ఇంటికే దిగుతుంటే డిస్కు కోసం బెంగళూరు వెళ్లేదెవరు?

2019 మేలో మైక్రోసాఫ్ట్ డిస్కు పెట్టే చోటే లేని ఎక్స్‌బాక్స్ వన్ ఎస్ తెచ్చింది. ఆరేళ్ల కిందట అదే కంపెనీ మీద అరిచినవాళ్లెవరూ నోరెత్తలేదు. 2021 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చిన పీఎస్ 5 ధర డిస్కుతో 49,990, డిస్కు లేకుండా 39,990. పదివేలు మిగిలాయని సంతోషించినవారు ఒక లెక్క మరిచిపోయారు. సోనీ కొత్త గేమ్ 4,999 రూపాయలు ఉండేది. డిస్కైతే మా కడప లెక్కన అందులో మూడు వేల దాకా తిరిగి వచ్చేది, అంటే నాలుగు గేమ్‌లతో ఆ మిగులు హరించుకుపోతుంది. ఐదోదాని నుంచి నష్టమే. 2025లో వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 7,263. మా జిల్లా భాషలో చెప్పాలంటే ఒక గేమ్ సుమారు 70 కిలోల కాయలు, అదీ మద్దతు ధర దక్కితే.

కొన్నది మనది కాదని తర్వాత కంపెనీలే నోటితో చెప్పాయి. ‘ది క్రూ’ అనే కార్ల గేమ్ సర్వర్లను దాని ప్రచురణ సంస్థ యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవారికి కూడా అది తెరుచుకోలేదు. అదే ఏడాది అక్టోబరులో స్టీమ్, చెల్లింపు పేజీలోనే మీరు పొందుతున్నది లైసెన్సు మాత్రమే అని రాసి పెట్టింది. స్టీమ్ గేమ్‌లను తిరిగి అమ్ముకునే హక్కు ఉందని పారిస్‌లో ఒక కోర్టు 2019లో అంటే, 2022లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది.

(2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని కూడా ఇందులో కలిపేస్తున్నారు. “గేమ్‌లన్నీ నిషేధించారట కదా, నీ కంప్యూటర్ అమ్మేస్తావా” అని మా వీధి పెద్దాయన అడిగారు. నిషేధం డబ్బు పందెం కట్టే ఆటల మీద. ఆయనకు చెప్పాను, నమ్మినట్టు లేదు.)

2025 వరుస చూడండి. నింటెండో మారియో కార్ట్ వరల్డ్‌కు 80 డాలర్ల ధర పెట్టింది. మే నెలలో మైక్రోసాఫ్ట్ తానూ 80 అంది, గోల చెలరేగాక జూలైలో ‘ది అవుటర్ వరల్డ్స్ 2’ను తిరిగి 70కి దించింది. అక్టోబరులో చందా పెంచింది. అంటే పైకి కనిపించే ధరను వదిలి అద్దె మీద పడింది. 2013 పాఠం బాగానే వంటబట్టింది. 75 గేమ్‌లు ఇస్తామన్నది నిజమే, నాలాంటివాడు నెలకు ఒకటి ముగిస్తే గొప్ప. 939 చొప్పున ఏడాదికి 11,268 రూపాయలు కట్టి ఆపేస్తే, మర్నాడు నా దగ్గర కడపకు అమ్మడానికి ఏదీ ఉండదు.

మా అక్క కొడుకు దసరా సెలవుల కోసం ఒక నెల చందా కట్టాడు. గడువు తీరేలోగా ముగించాలని రాత్రిళ్లు కూర్చుంటున్నాడు. “మామా, ఒక్క వారం ఆగితే బాగుండు” అంటాడు.

నా పీఎస్ 3 డిస్కు ఒకటి 2012లో నాలుగో వంతువాడి దగ్గరే ఉండిపోయింది. మొన్న ఫోను చేసి అడిగాను. ఇంట్లోనే ఉందట, ఇప్పటికీ ఆడుతోందట. వచ్చే వారం ఇస్తానన్నాడు.