తెల్లవారుజామున నాలుగింటి గాలి

మొదటి రోజు మాకు వేడి గాలి బెలూన్ ఎక్కే అవకాశం దక్కలేదు. తుర్కియే (టర్కీ)లోని కపడోక్యాకు వెళ్లినవాళ్లలో చాలామందికి ఈ అనుభవం ఉంటుంది. మూడున్నరకే లేచి, స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడుక్కుని, గోరెమేలో మేం దిగిన హోటల్ గుమ్మం ముందు వణుకుతూ నిలబడితే వ్యాన్ రాలేదు, మెసేజ్ వచ్చింది. ఇవాళ ఎర్ర జెండా, ఎగరడం లేదు, కావాలంటే రేపటికి మారుస్తాం అని. తలెత్తి చూస్తే మబ్బు తునక లేదు. చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు.

"ఆకు కూడా కదలట్లేదు కదరా, వీళ్లకేమొచ్చింది?" అని మా అక్క విసుక్కుంది. నాకూ అదే అనుమానం. ఆ రోజంతా దాని సంగతే చదువుతూ, అడుగుతూ గడిపాక, బెలూన్ టూర్ మీద నాకున్న ఒక పెద్ద అపోహ పోయింది. అంత చీకట్లో లేపేది సూర్యోదయం చూపించడానికే అనుకునేవాణ్ణి. ప్రకటనలన్నీ అలాగే ఊరిస్తాయి మరి. తీరా చూస్తే బెలూన్‌కి ఎండంటే అస్సలు పడదు. ఎండ ముదిరేలోపు పని కానిచ్చుకుని కిందికి దిగిపోవాలి, తొందరంతా అందుకే. సూర్యోదయం దారిలో దొరికే కొసరు.

ముందు ఎగరడం సంగతి. వేడి గాలి తేలిక అని స్కూల్లో అందరం చదువుకున్నాం. ఎంత తేలిక? గోరెమే సముద్రమట్టానికి సుమారు 1,100 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ పది డిగ్రీల చలిలో ఒక ఘనమీటరు గాలి దాదాపు 1.09 కిలోలు తూగుతుంది. దాన్ని 90 డిగ్రీలకు వేడి చేస్తే గాలి వ్యాకోచించి, అదే ఘనమీటరులో 0.85 కిలోలే మిగులుతుంది. తేడా పావుకిలోకి ఓ పిసరు తక్కువ. మన మేడల మీద వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకులు ఉంటాయే, సరిగ్గా ఘనమీటరు. అంత ట్యాంకు నిండా వేడి గాలి పట్టినా అది లేపగలిగే బరువు పావుకిలో వంకాయలంత కూడా కాదన్నమాట.

అందుకే బెలూన్లు అంతంత ఉంటాయి. ఇరవై మందికి పైగా ఎక్కే కపడోక్యా బెలూన్‌లో పదివేల ఘనమీటర్ల గాలి పడుతుందనుకుంటే, పైకి లేపే బలం 2.4 టన్నులు. మనుషులు, పైలట్, పేముతో అల్లిన బుట్ట, గ్యాస్ సిలిండర్లు, నైలాన్ గుడ్డ అన్నీ ఇందులోనే సర్దుకోవాలి. ఈ రోజుల్లో కూడా పేము బుట్టేమిటి అనుకున్నాను. దిగేటప్పుడు నేలకు కొట్టుకుంటే పేము సాగి, వంగి ఆ దెబ్బను తనలో కలిపేసుకుంటుందట. అందుకే ఇప్పటికీ దాన్ని వదల్లేదు.

ఈ లెక్కలో నన్ను ఆశ్చర్యపరిచింది వేరే ఉంది. లోపలున్న ఆ పదివేల ఘనమీటర్ల వేడి గాలి బరువే ఎనిమిదిన్నర టన్నులు! బయట వేలాడే బరువుతో కలిపితే పదకొండు టన్నుల దాకా వస్తుంది. మనం దూదిపింజలా చూసేది నిజానికి లోడు లారీ. తేలుతుంది గానీ, కదలికలో మాత్రం లారీ బుద్ధే. పైలట్ మంట పెట్టగానే లేవదు, కొన్ని సెకన్లు తాత్సారం చేస్తుంది. లేవడం మొదలుపెట్టాక వెంటనే ఆగదు. కింద కొండ అంచు దగ్గరపడుతున్నప్పుడు కాదు, అంతకు చాలా ముందే మంట పెట్టాలి. మంచి పైలట్ ఎప్పుడూ కొన్ని సెకన్ల తర్వాతి బెలూన్‌ను నడుపుతుంటాడు.

ఆ మంట కూడా మామూలుది కాదు. మన వంటింటి గ్యాస్ పొయ్యిలో ఒక బర్నర్ సుమారు రెండు కిలోవాట్ల వేడి ఇస్తే, బెలూన్ బర్నర్ ఒక్కటి మూడు మెగావాట్ల దాకా ఇస్తుంది. పదిహేను వందల పొయ్యిలు ఒకేసారి వెలిగించినట్టు. ఇంటి సిలిండర్‌లో ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉంటాయి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటుంది. చలి పొద్దుల్లో ఎగిరే బెలూన్‌కి ప్రొపేన్ వాడేది అందుకే. ద్రవంగా వచ్చిన ఆ ప్రొపేన్ మంట చుట్టూ చుట్టిన గొట్టంలో తిరిగి, ఆ మంట వేడికే ఆవిరై, మళ్లీ ఆ మంటలోకే వెళుతుంది. వెళ్లేవాళ్లకు ఓ మాట, టోపీ పెట్టుకోండి. కాళ్లు చలికి గడ్డకడుతుంటే నడినెత్తి మాడిపోతుంది.

బయట చలి ఎంత ఉంటే బెలూన్‌కి అంత లాభం. మధ్యాహ్నం బయట 30 డిగ్రీలు ఉందనుకోండి. లోపల అదే 90 డిగ్రీలతో లేపే బలం ముప్పై శాతం దాకా తగ్గిపోతుంది. పోనీ ఇంకా వేడి చేద్దామంటే నైలాన్ ఊరుకోదు, సుమారు 120 డిగ్రీలు దాని హద్దు. కానీ తెల్లవారుజామునే ఎగరడానికి ఇది చిన్న కారణమే. పెద్ద కారణం నేల మీద ఉంది.

భోగి పొద్దున్న మన ఊళ్లను గుర్తు చేసుకోండి. మంటల పొగ నిటారుగా కాస్త లేచి, ఇళ్ల కప్పుల కంటే కొంచెం పైన ఏదో తగిలినట్టు ఆగి, అడ్డంగా దుప్పటిలా పరుచుకుంటుంది. ఎనిమిది, తొమ్మిది అయ్యాక గానీ ఆ దుప్పటి చెదరదు. రాత్రంతా నేల తన వేడిని ఆకాశానికి వదిలేసి చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలీ చల్లబడి బరువెక్కి అక్కడే పడుకుంటుంది. దాని పైన గాలి కాస్త వెచ్చగా ఉంటుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ చలి పెరగాలి కదా, ఇక్కడ తిరగబడింది. బరువైనది కింద, తేలికైనది పైన ఉంటే ఇక కలవడానికేముంది? గిన్నెలో నీళ్ల మీద నూనె తేలినట్టు ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది. బెలూన్‌కి కావలసింది ఈ నిశ్చలమే.

పొద్దెక్కితే ఈ ఏర్పాటంతా చెడిపోతుంది. ఎండ గాలిని నేరుగా పెద్దగా వేడి చేయదు, ముందు నేలను కాలుస్తుంది. నేల తనను ఆనుకున్న గాలిని వేడెక్కిస్తుంది. ఆ గాలి బుడగలు బుడగలుగా పైకి లేస్తుంది, వాటి పక్కన చల్లగాలి కిందికి దూకుతుంది. పది గంటలప్పుడు గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోతుంటాయి చూడండి, అవి ఎక్కేది ఈ బుడగలనే. వేసవిలో దుక్కి పొలాల్లో ఎండుటాకులు తిప్పుకుంటూ పోయే సుడిగాలీ వీటి చుట్టమే. గద్దకు రెక్కలున్నాయి కాబట్టి నచ్చినప్పుడు పక్కకు తప్పుకుంటుంది. బెలూన్‌కి ఆ వీలేదీ? బుడగ లేపితే లేవాలి, వదిలేస్తే పడాలి.

ఇప్పుడు మా అక్క ప్రశ్నకు వద్దాం. ఆకు కదలకపోవడమే మమ్మల్ని మోసం చేసింది. నేల మీది చల్లగాలి పొర ఎంత గట్టిగా పడుకుంటే, పైన వీచే గాలి కిందికి అంత తక్కువగా తెలుస్తుంది. హోటల్ గుమ్మం దగ్గర నిశ్శబ్దం, రెండు మూడు వందల మీటర్ల పైన హోరు, రెండూ ఒకేసారి ఉండవచ్చు. అంత గాలిలోకి బెలూన్ తల దూర్చి, కింది భాగం ఇంకా నిశ్చలంలోనే ఉంటే గుడ్డ ఒరిగి నొక్కుకుపోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు దిగేటప్పుడు. సూర్యుడు లేచి నేలను వేడెక్కించగానే పొరలు కలిసిపోయి, పైనున్న ఆ గాలి కిందికి దిగి వస్తుంది. అంటే నాలుగింటికి గాలి ఎలా ఉందన్న లెక్క ఒక్కటే చాలదు, మనం దిగే ఏడింటికి ఎలా ఉంటుందో కూడా చూడాలి. నేల దగ్గర గాలి గంటకు పదిహేను, ఇరవై కిలోమీటర్లు దాటితే దిగిన బెలూన్ తెరచాపై, బుట్టను మనుషులతో సహా ఈడ్చుకుపోతుంది. కపడోక్యాలో ఈ తీర్పు ట్రావెల్స్ వాళ్ల చేతిలో లేదు, పౌర విమానయాన అధికారులు ఇస్తారు. పచ్చ జెండా అయితే ఎగరాలి, పసుపైతే ఆగి చూడాలి, ఎరుపైతే ఇంటికి. డబ్బు కట్టిన కస్టమర్ మొహం చూడనివాడు నిర్ణయం తీసుకోవడం మంచిదేనని ఆ రోజు విసుగు తగ్గాక అనిపించింది.

రెండో రోజు పచ్చ జెండా. చీకట్లో ఒక పైలట్ చిన్న హీలియం బుడగను వదిలి, అది ఏ ఎత్తులో ఎటు తిరుగుతుందో మెడ వెనక్కి వాల్చి చూస్తున్నాడు. బెలూన్‌కి స్టీరింగ్ ఉండదు. పైకి, కిందికి, ఈ రెండే పైలట్ చేతిలో ఉన్నవి. పైకి మంట. కిందికైతే నెత్తిన ఉన్న గుండ్రటి గుడ్డ మూతను తాడుతో లాగి కాస్త వేడి గాలి వదిలేయడం. ఎటు పోవాలన్నది మాత్రం గాలి పొరల్లోంచి ఏరుకోవాలి. రాత్రి చల్లబడిన గాలి నీళ్లలాగే పల్లానికి పారుతుంది, గోరెమే చుట్టూ ఉన్న లోయల్లో అదొక సన్నని ఏరు. పైన గాలి వేరే దిక్కుకు పోతుంటుంది. కింది గాలితో లోయలోకి జారి, పైకి లేచి పై గాలితో వెనక్కి రావచ్చు. అమెరికాలోని ఆల్బకర్కీలో 1972 నుంచి బెలూన్ల పండుగ జరుగుతోంది. అక్కడి పైలట్లు ఈ కిటుకుతో ఎక్కిన చోటి దగ్గరికే వచ్చి దిగుతారు.

గాలి నింపుతుంటే గుడ్డ పడుకున్న ఏనుగులా మెల్లగా ఒళ్లు విరుచుకుని లేచింది. మేం ఎక్కాం. నేల ఎప్పుడు వదిలామో తెలియలేదు. కుదుపు లేదు, మొహానికి గాలి కూడా తగల్లేదు. గాలితో పాటే, గాలి వేగంతోనే పోతుంటే ఇక తగిలేదేముంది? మంట ఆపినప్పుడు కింద ఊళ్లో కుక్క మొరగడం స్పష్టంగా వినిపించింది. చుట్టూ వంద దాకా బెలూన్లు. ఇంత గుంపులో కిందున్న బెలూన్‌దే పెత్తనం. దాని పైలట్‌కు నెత్తి మీదున్న తన బెలూనే అడ్డం, పైన ఎవరున్నారో కనపడదు. కాబట్టి పైనవాడే తప్పుకోవాలి.

సూర్యుడూ వచ్చాడు. మూడు వందల మీటర్ల ఎత్తుకు వెళితే మనకు దిగంతం దాదాపు అర డిగ్రీ కిందికి జరుగుతుంది. సూర్యబింబం వెడల్పూ సుమారు అంతే. అందుకని నేల మీదున్నవాళ్ల కంటే రెండు నిమిషాలు, రెండున్నర నిమిషాలు ముందే మనకు తెల్లవారుతుంది. పంచాంగంలో ఊరును బట్టి సూర్యోదయం ఇస్తారు గానీ ఎత్తును బట్టి ఇవ్వరు. ఆ ఏటవాలు ఎండ పడ్డప్పుడు కింది శిలలు బంగారు రంగుకు తిరిగాయి. లక్షల ఏళ్ల కిందట అగ్నిపర్వతాలు కక్కిన బూడిద గట్టిపడి రాయైతే, వానలూ గాలులూ దాన్ని చెక్కేశాయి. పైన గట్టి రాతి టోపీ ఉన్నచోట మాత్రం స్తంభాల్లా మిగిలాయి. యునెస్కో 1985లోనే ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దిగేటప్పుడు మోకాళ్లు వంచి, ప్రయాణించే దిక్కుకు వీపు పెట్టి, తాళ్లు పట్టుకోమన్నారు. తీరా చూస్తే పైలట్ బుట్టను నేల మీద కాదు, కిందికి వచ్చి నిలబడ్డ ట్రైలర్ మీదే ఆనించాడు. పదకొండు టన్నుల దాన్ని!

అన్ని రోజులూ ఇంత హాయిగా ఉండవు. 2013 ఫిబ్రవరిలో ఈజిప్టులోని లక్సర్‌లో దిగబోతున్న బెలూన్‌కి మంటలంటుకుని 19 మంది చనిపోయారు.

మొదటి బెలూన్లు చేసినవాళ్లకు తాము ఎందుకు గెలిచామో తెలియదు. ఫ్రాన్స్‌లో కాగితం తయారుచేసే కుటుంబానికి చెందిన మోంగోల్ఫియే సోదరులు, పొగలో ఏదో తేలిక వాయువు ఉందని నమ్మి గడ్డీ ఉన్నీ తగలబెట్టారు. పని చేసింది వేడి, పేరు పొగకు. 1783 సెప్టెంబరులో గొర్రె, బాతు, కోడిపుంజు ఎగిరాయి. నవంబరు 21న పారిస్ మీద ఇద్దరు మనుషులు పాతిక నిమిషాలు ఎగిరారు. అదే ఏడాది ఆగస్టులో జాక్ చార్లెస్ అనే శాస్త్రవేత్త వదిలిన ఖాళీ హైడ్రోజన్ బెలూన్ గోనెస్ అనే పల్లెలో పడితే, ఊరివాళ్లు దాన్ని చూసి హడలిపోయి పంగలకర్రలతో పొడిచేశారు. హైడ్రోజన్ ముందు వేడి గాలి నిలవలేక ఎన్నో తరాలు మూలనపడింది. 1960లో ఎడ్ యోస్ట్ అనే అమెరికన్ ప్రొపేన్ బర్నర్‌తో నెబ్రాస్కాలో ఎగిరాక మళ్లీ ప్రాణం వచ్చింది. 2005 నవంబరులో మన పారిశ్రామికవేత్త విజయ్‌పత్ సింఘానియా ముంబయి నుంచి వేడి గాలి బెలూన్‌లో 21 కిలోమీటర్లు దాటి ఎక్కారు.

హైదరాబాద్‌లో టీఐఎఫ్‌ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ అనే పరిశోధన సంస్థ) వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది. అక్కడ ఎగరేసేవి హైడ్రోజన్ నింపిన పాలిథిన్ బెలూన్లు. శాస్త్ర పరికరాలను ముప్పై, నలభై కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి, పారాచూట్‌తో కిందికి దింపుతాయి. అవి పొలాల్లో పడితే ముట్టుకోవద్దని జిల్లాల వారీగా పేపర్లలో ప్రకటన ఇస్తారు. ఆ ప్రకటనలు చదివితే, ఎగరేసే వేళ రాత్రి నుంచి తెల్లవారేలోపే ఉంటుంది. పొడవాటి పల్చటి పాలిథిన్‌ను నేల మీద నింపాలంటే వాళ్లకూ ఆ కదలని గాలే కావాలి.

2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలోని ఒక ఊరి పొలంలో గుండ్రటి పెద్ద పెట్టె దిగింది. జనం గుమిగూడారు, గ్రహాంతరవాసుల దాకా ఊహలు పోయాయి, పోలీసులొచ్చారు. ఈసారి ఎవరూ పంగలకర్రలు ఎత్తలేదు, అందరూ సెల్‌ఫోన్లే ఎత్తారు. అది టీఐఎఫ్‌ఆర్ కేంద్రం నుంచి ఎగిరిన ఒక స్పెయిన్ కంపెనీ పెట్టె. టూరిస్టులను బెలూన్‌లో ఆకాశపు అంచుదాకా తీసుకెళ్లాలని ఆ కంపెనీ ఆలోచన. మనుషులు లేకుండా చేసిన మొదటి పరీక్ష అది.