పిల్లల మడమకి అల్ట్రాసౌండ్ పెట్టొచ్చా? అపోహలు - వాస్తవాలు

వేసవి క్యాంపులు మొదలయ్యాయంటే మా విశాఖలో పిల్లలు పొద్దున్నే పోర్టు స్టేడియంలోనో, ఆర్కే బీచ్ ఇసుకలోనో ఉంటారు. నెల తిరక్కుండా మడమ నొప్పంటూ కుంటుకుంటూ నా ఫిజియోథెరపీ క్లినిక్‌కి వస్తారు. "అల్ట్రాసౌండ్ పెట్టేయండి మేడమ్, తొందరగా తగ్గిపోతుంది" అంటారు తల్లులు.

అపోహ: కడుపులో బిడ్డకే స్కానింగ్ తీస్తారు, పన్నెండేళ్ల పిల్లాడికి ఏమవుతుంది?

వాస్తవం: రెండూ శబ్ద తరంగాలే గానీ పని వేరు. స్కానింగ్ మిషన్ తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో బొమ్మ గీస్తుంది. నొప్పికి మేం వాడే మిషన్ లోపలి కణజాలాన్ని వేడెక్కించగలదు. 1 మెగాహెర్ట్జ్ తరంగాలు 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతు దాకా వెళ్తాయి. కండరం కన్నా ఎముక ఈ శక్తిని చాలా ఎక్కువగా పీల్చుకుంటుంది. మిషన్ హెడ్‌ని, అంటే చర్మానికి ఆనించే భాగాన్ని, కదపకుండా ఒకేచోట ఉంచితే ఎముక పైపొర చురుక్కుమనేది అందుకే. ఎదిగే పిల్లలకి ఎముకల చివర గ్రోత్ ప్లేట్ అనే మృదులాస్థి పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. జంతువుల మీద చేసిన పాత ప్రయోగాల్లో మోతాదు బాగా పెంచినప్పుడు ఈ పొర దెబ్బతింది. అందుకే దాని మీద నేను పెట్టను.

అపోహ: ఒక్కసారి పెట్టించినా పిల్లాడు పొట్టిగా ఉండిపోతాడు.

వాస్తవం: లేదమ్మా. ఎక్కడో ఒకటి రెండుసార్లు, తక్కువ మోతాదులో, హెడ్ కదుపుతూ పెట్టించి ఉంటే టెన్షన్ పడకండి.

అపోహ: విరిగిన ఎముకని అల్ట్రాసౌండ్ తొందరగా అతికిస్తుంది.

వాస్తవం: దానికి వాడేది వేరే పరికరం. చదరపు సెంటీమీటరుకి 30 మిల్లీవాట్లు, రోజూ 20 నిమిషాలు. మా టేబుల్ మీది మిషన్ అదే చదరపు సెంటీమీటరుకి 3 వాట్ల దాకా వెళ్తుంది, అంటే వంద రెట్లు! పైగా ఆ చిన్న పరికరాన్ని కూడా కాలి ఎముక విరిగి ఆపరేషన్ అయిన 501 మంది పెద్దవాళ్ల మీద పరీక్షిస్తే, ఎముక త్వరగా అతకలేదని 2016లో తేలింది.

మరి మడమ నొప్పికి ఏం చేయాలి? 8 నుంచి 14 ఏళ్ల మధ్య మడమ ఎముక ఇంకా ఎదుగుతుంటుంది. పరుగెత్తినప్పుడల్లా పిక్క కండరం దాన్ని వెనక నుంచి లాగుతుంది. లాగుడు తగ్గిస్తే నొప్పీ తగ్గుతుంది. ఇసుకలో వట్టికాళ్లతో పరుగులు కొన్నాళ్లు ఆపండి, షూలో మెత్తటి హీల్ ప్యాడ్ పెట్టండి, పిక్కల స్ట్రెచింగ్ రోజూ చేయించండి. రాత్రిళ్లు నొప్పితో లేచి ఏడుస్తున్నా, జ్వరం గానీ వాపు గానీ ఉన్నా, నా దగ్గరికి కాదు, ముందు ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.